డార్క్ మ్యాటర్ మనల్ని తాకుతుందా? యాంటీమ్యాటర్‌కు తగిలితే ఏమవుతుంది?

ఆదోని నుంచి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్న అమ్మాయి మూడు సంగతులు అడిగింది. డార్క్ మ్యాటర్ మన ఒంట్లోంచి పోతూనే ఉందంటారు కదా, మరి మామూలు పదార్థాన్ని అది ఎలా తాకుతుంది? యాంటీమ్యాటర్‌కు తగిలితే పేలుడు జరుగుతుందా? అసలు ఈ రెండూ ఒకటేనని ఒక వీడియోలో చెప్పారు, నిజమేనా?

అమ్మా, చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. అక్కడ ముడి విప్పితే మిగతా రెండూ సులువవుతాయి. రెండూ ఒకటి కాదు, చుట్టాలు కూడా కాదు. కర్నూలులో డిగ్రీ పిల్లలకు ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేసేవారు. యాంటీమ్యాటర్, అంటే మామూలు కణాలకు ఎదురు జోడీలైన ప్రతికణాలతో చేసిన పదార్థం, మనకు చాలా బాగా తెలిసిన వస్తువు. దాన్ని తయారు చేస్తాం, కొలుస్తాం, ఆసుపత్రిలో రోగికి ఉపయోగిస్తాం. డార్క్ మ్యాటర్, అంటే కంటికి కనబడకుండా గురుత్వాకర్షణతో మాత్రమే తన ఉనికి తెలిపే పదార్థం, దాని సంగతి అలా కాదు. అది ఉందని తెలుసు, ఎంత ఉందో తెలుసు, ఏమిటో మాత్రం ఈ రోజుకీ ఎవరికీ తెలియదు.

1928లో భౌతిక శాస్త్రవేత్త డిరాక్ ఎలక్ట్రాన్‌కు సమీకరణం రాశాడు. అందులో అదే బరువు, ఎదురు చార్జీ ఉన్న ఇంకో కణానికి చోటు ఉందని తర్వాత తేలింది. 1932లో కార్ల్ ఆండర్సన్‌కు కాస్మిక్ కిరణాల ఫోటోల్లో ఆ కణం, అంటే పాజిట్రాన్, దొరికింది. 1955లో అమెరికాలోని బర్కిలీలో ప్రోటాన్‌కు జోడీ అయిన యాంటీప్రోటాన్ బయటపడింది. ఇదంతా నీ సిలబస్‌లో ఉన్నదే. నేను పులివెందుల అరటిపండు సంగతి చెబుతాను. పండులో పొటాషియం ఉంటుంది. ప్రకృతిలో దొరికే పొటాషియంలో పది వేలలో ఒకటికి కాస్త పైన పొటాషియం-40 ఉంటుంది, అది రేడియోధార్మికం. అవి విచ్ఛిన్నమయ్యేటప్పుడు దాదాపు లక్షసార్లకు ఒకసారి పాజిట్రాన్ వస్తుంది. ఒక పండులో సెకనుకు పది పదిహేను పరమాణువులు విచ్ఛిన్నమవుతాయి కాబట్టి, రెండు మూడు గంటలకు ఒక పాజిట్రాన్ పుడుతుంది. పుట్టిన మరుక్షణం పక్కనున్న ఎలక్ట్రాన్‌తో కలిసి మాయమైపోతుంది. నువ్వు పొద్దున తిన్న పండులో అదే జరిగింది. ఏ పేలుడూ లేదు, ఎందుకంటే పరిమాణం అంత చిన్నది.

ఆ మాయమైపోవడాన్ని నేను బల్ల మీద చూపించేవాణ్ణి. ఆ ప్రయోగమంటే నాకు ఇప్పటికీ ప్రాణం, అందుకే కాస్త వివరంగా చెబుతాను. చొక్కా గుండీ అంత సోడియం-22 సోర్స్, అంటే రేడియోధార్మిక పదార్థపు బిళ్ల. దానికి అటొకటి, ఇటొకటి, ఎదురెదురుగా రెండు సోడియం అయోడైడ్ డిటెక్టర్లు. సోడియం-22 పాజిట్రాన్లను వదులుతుంది. ఒక్కో పాజిట్రాన్ సోర్స్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌లోనే ఆగిపోయి, అక్కడి ఎలక్ట్రాన్‌తో కలిసి అంతమవుతుంది. ఆ రెండింటి బరువూ కాంతిగా మారి రెండు గామా కిరణాలుగా వెళ్తుంది. ఒక్కోదాని శక్తి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు (కణాల శక్తిని కొలిచే కొలమానం ఇది). మొదట ఉన్న వేగం దాదాపు సున్నా కాబట్టి, ఒకటి తూర్పుకు పోతే రెండోది తప్పక పడమరకు పోవాలి. రెండు డిటెక్టర్లకూ ఒకే క్షణంలో తగిలినవాటినే లెక్కపెట్టేలా సర్క్యూట్ పెడతాం. ఎదురెదురుగా ఉన్నప్పుడు కౌంట్లు గబగబా పెరుగుతాయి. ఒక డిటెక్టర్‌ను పది డిగ్రీలు పక్కకు జరిపితే అంకెలు దాదాపు నిలిచిపోతాయి. మళ్లీ సరిగ్గా ఎదురుకు తెస్తే పరుగు మొదలు. పిల్లలు ఆ డిటెక్టర్‌ను అటూ ఇటూ జరుపుతూ గంటల తరబడి కూర్చునేవారు. ఆసుపత్రిలో పెట్ స్కాన్ పనిచేసేది కూడా సరిగ్గా ఈ సూత్రం మీదే.

ఇందులోంచి నువ్వు పట్టుకోవలసింది ఒకటుంది. పాజిట్రాన్ ఎలక్ట్రాన్‌తోనే అంతమవుతుంది. ప్రోటాన్ ఎదురైతే రెండింటిదీ ఒకే గుర్తు చార్జీ, వికర్షించుకుని పక్కకు తప్పుకుంటాయి. ఏ కణానికైనా దాని సొంత జోడీ ఉంటుంది. "యాంటీమ్యాటర్ దేనికి తగిలినా పేలుతుంది" అనే మాట మన చుట్టూ ఉన్నదంతా ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు, న్యూట్రాన్లే కాబట్టి చెల్లుబాటవుతోంది. డార్క్ మ్యాటర్ కణం వాటిలో ఏదీ కాదు. కాబట్టి పాజిట్రాన్, డార్క్ మ్యాటర్ కణం ఎదురుపడితే సోడియం-22 దగ్గర జరిగినట్టు జరగాలన్న నియమమేదీ లేదు. నీ రెండో ప్రశ్నకు సగం జవాబు ఇదే.

ఇంకా, యాంటీమ్యాటర్ చీకటిది కాదు. దానికి విద్యుత్ చార్జీ ఉంది, కాంతిని పీలుస్తుంది, వదులుతుంది. జెనీవా దగ్గరి కణ పరిశోధన కేంద్రం సెర్న్‌లో ఆల్ఫా బృందం యాంటీహైడ్రోజన్ పరమాణువుల మీద లేజర్ వేసి దాని వర్ణపటాన్ని కొలిచింది. మామూలు హైడ్రోజన్‌ది ఎక్కడుందో ఇదీ అక్కడే ఉంది. యాంటీమ్యాటర్‌తో ఒక నక్షత్రం ఉంటే అది మన సూర్యుడిలాగే వెలుగుతుంది. మన గెలాక్సీ చుట్టూ ఉన్న డార్క్ మ్యాటర్ అంతా యాంటీమ్యాటరే అయితే, గెలాక్సీలోని వాయువుతో అది రాసుకున్న ప్రతిచోటా గామా కిరణాలు భగభగమని వెలుగుతూ ఉండేవి. అలాంటి వెలుగు లేదు. ఆ వీడియోలో మాట ఇక్కడే కొట్టుకుపోతుంది.

ఇక డార్క్ మ్యాటర్. ఉందని ఎలా తెలుసన్నది క్లుప్తంగా చెబుతాను. 1933లో ఖగోళ శాస్త్రవేత్త జ్విక్కీ కోమా గెలాక్సీ గుంపులో వేగాలు చూసి, కనబడే బరువు ఆ గుంపును పట్టి ఉంచడానికి చాలదన్నాడు. 1970లో వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీలో బయటి అంచు దాకా తిరిగే వేగం తగ్గకపోవడం చూపించారు. ఆ తర్వాత విశ్వపు తొలినాటి కాంతి మీద కొలతలు వచ్చాయి. వాటి ప్రకారం విశ్వంలో మామూలు పదార్థం దాదాపు 5 శాతం, డార్క్ మ్యాటర్ దాదాపు 27 శాతం. అంటే మనకంటే అయిదు రెట్లకు పైగా. ఈ సాక్ష్యాలన్నీ గురుత్వాకర్షణ ద్వారా వచ్చినవే. మామూలు పదార్థంతో డార్క్ మ్యాటర్‌కు ఖాయంగా ఉన్న సంబంధం ఈ ఒక్కటే. మిగతావన్నీ "ఉండవచ్చు"లు.

మరి మన దగ్గర ఎంత ఉంది? సూర్యుడి పరిసరాల్లో దాని సాంద్రత మూడు ఘన సెంటీమీటర్లకు దాదాపు ఒక ప్రోటాన్ బరువంత. కాగితం మీద లెక్క వేసుకో. భూగోళం మొత్తం ఘనపరిమాణంలో ఏ క్షణాన చూసినా ఉండే డార్క్ మ్యాటర్ బరువు అర కిలోకు కాస్త పైన. భూమి అంతటికీ అంతే. అందుకే మన ఇంట్లో, మన తక్కెడలో దాని బరువు తెలియదు. గెలాక్సీల మధ్య కోట్ల కోట్ల మైళ్ల ఖాళీ జాగా అంతా అదే పల్చటి సరుకు నిండి ఉంటుంది కాబట్టి అక్కడ మాత్రం పెత్తనం దానిదే.

ఒక్కో కణం వంద ప్రోటాన్ల బరువు ఉందనుకుందాం. ఇది అనుకోవడం మాత్రమే, అసలు బరువు ఎవరికీ తెలియదు. అప్పుడు లీటరు చెంబులో మూడు కణాలు ఉంటాయి. సూర్యుడు మనందరినీ వెంటేసుకుని గెలాక్సీ చుట్టూ సెకనుకు 220 కిలోమీటర్లకు పైగా పోతున్నాడు కాబట్టి అవి అంత వేగంతో మనకు ఎదురొస్తాయి. నీ బొటనవేలి గోరు గుండా సెకనుకు అరవై వేల పైచిలుకు కణాలు దూరిపోతుంటాయి. మరి గోరు ఎందుకు కందదు?

"తాకడం" అంటే ఏమిటో ఒకసారి ఆలోచించు. బల్ల మీద చెయ్యి పెడితే చెయ్యి లోపలికి దిగదు. పరమాణువులో చాలా భాగం ఖాళీయే, అయినా దిగదు. నీ చేతిలోని ఎలక్ట్రాన్లు, బల్లలోని ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఒకే స్థితిలో రెండు ఎలక్ట్రాన్లు ఉండకూడదన్న పౌలీ నియమం కూడా అడ్డుపడుతుంది. గట్టిదనం, మెత్తదనం, వేడి, రంగు, రుచి అన్నీ ఎలక్ట్రాన్ల వ్యవహారమే. డార్క్ మ్యాటర్‌కు చార్జీ లేదు, ఉన్నా కొలవలేనంత తక్కువ. దానికి బేతంచెర్ల నాపరాయీ గాలీ ఒకటే. ప్రోటాన్లను, న్యూట్రాన్లను కట్టి ఉంచే బలమైన బలం కూడా దానికి ఉన్నట్టు లేదు. ఉంటే ఈపాటికి ఎప్పుడో పట్టుబడి ఉండేది.

మిగిలింది బలహీన బలం (కొన్ని రేడియోధార్మిక విచ్ఛిన్నాల వెనుక ఉండేది), లేదా దానిలాంటి మనకింకా తెలియని ఏదైనా బలం. ఎక్కువమంది ఆశ పెట్టుకున్నది ఇక్కడే. కణం కేంద్రకం పక్కనుంచి పోతూ ఎప్పుడో ఒకసారి నేరుగా దాన్ని గుద్దుకోవచ్చు. గోలీని గోలీ కొట్టినట్టు కేంద్రకం వెనక్కి జరుగుతుంది. ఆ జరుగుడులో వచ్చే శక్తి కొన్ని కిలో ఎలక్ట్రాన్ వోల్టుల నుంచి కొన్ని పదుల దాకా ఉంటుంది. నా బల్ల మీది గామా కిరణం 511 అని చెప్పాను కదా, దానిలో చిన్న ముక్క. ఇంకో చక్కటి సంగతి ఏమిటంటే, ఇంత నెమ్మదైన తాకిడిలో డార్క్ మ్యాటర్ కణానికి కేంద్రకం ఒకే ముద్దలా కనబడుతుంది. లోపలి ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిసికట్టుగా స్పందిస్తాయి. దాంతో తాకే అవకాశం వాటి సంఖ్యతో కాకుండా ఆ సంఖ్య వర్గంతో పెరుగుతుంది. అందుకే బరువైన జినాన్ అనే మూలకాన్ని ఎంచుకున్నారు. దాని కేంద్రకంలో 130 దాకా ఉంటాయి.

అమెరికాలోని దక్షిణ డకోటాలో మూతపడిన బంగారు గనిలో, దాదాపు కిలోమీటరున్నర లోతున, ఎల్‌జెడ్ అనే డిటెక్టర్ ఉంది. కొలతకు పనికొచ్చే ద్రవ జినాన్ ఏడు టన్నులు. 280 రోజుల సమాచారంతో 2024లో ఫలితం చెప్పారు. డార్క్ మ్యాటర్‌దని చెప్పగలిగే తాకిడి ఒక్కటీ లేదు. పైన చెప్పిన వంద ప్రోటాన్ల లెక్కనే తీసుకుంటే, ఆ తొట్టి గుండా ఆ 280 రోజుల్లో 30 వేల లక్షల కోట్లకు పైగా కణాలు పోయి ఉంటాయి. అన్నింటిలో ఒక్కటి కూడా ఆగి పలకరించలేదు. దీన్ని వైఫల్యమని రాసేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. "ఇంతకంటే ఎక్కువ తాకదు" అని ప్రకృతి గురించి కచ్చితంగా చెప్పగలగడం ఎంత కష్టపడితే వచ్చిన జ్ఞానమో, ఒక్కసారి డిటెక్టర్ ముందు కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది.

ఆ కష్టం ఏమిటో చెబుతాను. తొలకరి పడగానే మీ ఆదోనికి దగ్గరలోని తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాల కోసం వంగి నడుస్తుంటారు, నువ్వూ చూసే ఉంటావు. వానకు పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలుతాయి. ఎండ పడితే వందల రాళ్లు మెరుస్తాయి, దాదాపు అన్నీ పలుగురాళ్లే. ఏళ్ల తరబడి వెతికినవాళ్లు వంగకుండానే వాటిని వదిలేస్తారు, వాళ్ల కంటికి పలుగురాయి మెరుపు అంత బాగా తెలుసు. డిటెక్టర్ పని కూడా అదే. మెరిసే ప్రతి తాకిడీ ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందు తెలియాలి. ఆకాశం నుంచి మ్యూయాన్లు, అంటే ఎలక్ట్రాన్ లాంటివే అయినా బరువైన కణాలు, నీ అరచేతి గుండా సెకనుకు ఒకటి చొప్పున పడుతుంటాయి. గోడలోని థోరియం, గాలిలోని రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు, డిటెక్టర్ లోహంలోని మరకలు, చివరికి పని చేసే మనిషి ఒంట్లోని పొటాషియం, అన్నీ మెరుస్తాయి.

నేను ఇది నేర్చుకున్నది అనంతపురంలో పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో. సోర్స్ అంతా తీసేసి, సీసపు ఇటుకల మధ్య డిటెక్టర్ పెట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున చూస్తే శక్తుల గ్రాఫులో 1461 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక చిన్న గుట్ట. సోర్స్ ఎక్కడో ఒలికిందని టెన్షన్ పడి బల్లంతా తుడిచాను. మర్నాడూ అంతే. మూడో రోజు మా గైడు వచ్చి చూసి, "అది నీ తప్పు కాదు నాయనా, గోడది" అన్నారు. గ్రానైట్ గోడలోని పొటాషియం-40 వదిలే గామా కిరణం అది. సున్నపురాయి జాతి నాపరాళ్లు పరిచిన గదిలో అదే గుట్ట బాగా చిన్నదవుతుంది. ఆ రోజు నుంచి ఏ గదిలోకి వెళ్లినా ముందు గోడలు చూడటం అలవాటైంది. బరైటీస్ ఖనిజం కలిపిన బరువు కాంక్రీటును రేడియేషన్ ఆపడానికి వాడతారని తెలిశాక, ఉమ్మడి కడప జిల్లా మంగంపేట గనుల మీద గౌరవం ఇంకా పెరిగింది.

ఈ పొటాషియం మామూలుది కాదు, డార్క్ మ్యాటర్ చరిత్రలో దానికి పెద్ద పాత్ర ఉంది. ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద డామా అనే ప్రయోగం చేశారు. నా బల్ల మీది సోడియం అయోడైడే, కాకపోతే చాలా శుద్ధమైనది, దాదాపు 250 కిలోలు. వాళ్ల వాదన వినడానికి బాగుంటుంది. సూర్యుడు గెలాక్సీ చుట్టూ పోతుంటే డార్క్ మ్యాటర్ మనకు ఎదురుగాలిలా తగులుతుంది. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్లతో తిరుగుతుంది కాబట్టి, ఏడాదిలో ఒకప్పుడు ఆ గాలికి ఎదురు, ఇంకొకప్పుడు వాలు. ఎదురు బాగా ఎక్కువయ్యేది జూన్ 2 ప్రాంతంలో. మన లెక్కన రోహిణి కార్తెలో. డిసెంబరు మొదట్లో తగ్గుతుంది. డామా కౌంట్లు సరిగ్గా అలాగే ఏడాదికోసారి పెరుగుతూ తగ్గుతూ వచ్చాయి. ఇరవై ఏళ్లకు పైగా వాళ్లు అదే చెబుతున్నారు.

కానీ ఆ ఊపు కనబడే చోటు రెండు నుంచి ఆరు కిలో ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య. పొటాషియం-40 ఆర్గాన్‌గా మారేటప్పుడు 1461తో పాటు 3.2 దగ్గర కూడా ఒక చిన్న మెరుపు వస్తుంది. స్ఫటికంలో లవలేశం పొటాషియం కలిసినా అది సరిగ్గా ఆ కిటికీలోనే కూర్చుంటుంది. అందుకే ఆ ఫలితం మీద ఇంత చర్చ. పొటాషియం దానంతట అది ఏడాదికోసారి పెరిగి తగ్గదు, నిజమే. కానీ వెనుక ఉన్న శబ్దాన్ని, అంటే పలుగురాళ్ల లాంటి అక్కర్లేని తాకిళ్లను, తీసివేసే పద్ధతిలో చిన్న లోపం ఉన్నా ఊపులా కనబడే ప్రమాదం ఉంది. తేల్చుకోవడానికి అదే సోడియం అయోడైడ్‌తో కొరియాలో కోసైన్-100, స్పెయిన్‌లో అనాయిస్ కొలిచాయి. డామా చెప్పిన ఊపు వాళ్లకు కనబడలేదు. నా ఉద్దేశంలో డామాది డార్క్ మ్యాటర్ కాదు. అయినా ఇరవై ఏళ్లు ఒకే కొలతను వదలకుండా పట్టుకున్న ఆ మనుషుల ఓపికకు నేను చేతులెత్తి దండం పెడతాను.

ఇప్పుడు యాంటీమ్యాటర్ దగ్గరకు వద్దాం. ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి, డార్క్ మ్యాటర్ కణాలు తమలో తాము అంతమైతే యాంటీమ్యాటర్ పుడుతుందా? రెండు, ఉన్న యాంటీమ్యాటర్‌ను డార్క్ మ్యాటర్ వేరుగా చూస్తుందా?

మొదటిదానికి ఆధారం ఉన్న ఆశ ఉంది. డార్క్ మ్యాటర్ కణం తనకు తానే జోడీ అయి ఉండవచ్చు, కాంతి కణం అలాంటిదే. అప్పుడు రెండు డార్క్ కణాలు కలిస్తే అంతమై, ఆ శక్తిలోంచి మామూలు కణాలు, ప్రతికణాలు సమానంగా రావచ్చు. మామూలు కణాలు ఆకాశంలో కొల్లలుగా ఉన్నాయి కాబట్టి అదనంగా వచ్చినవి తెలియవు. పాజిట్రాన్లు, యాంటీప్రోటాన్లు అరుదు కాబట్టి అవి కాస్త ఎక్కువైనా పట్టుకోవచ్చు. 2008లో ఉపగ్రహం మీది పమేలా డిటెక్టర్, తర్వాత 2011లో అంతరిక్ష కేంద్రానికి బిగించిన ఏఎంఎస్ డిటెక్టర్, ఎక్కువ శక్తి దగ్గర పాజిట్రాన్లు అనుకున్నదానికంటే ఎక్కువ ఉన్నాయని చూపించాయి. మొదట చాలామందికి గుండె వేగం పెరిగింది, నాకూ అంతే. కానీ దగ్గరలోని పల్సార్లు, అంటే గిర్రున తిరిగే చచ్చిన నక్షత్రాలు, కూడా పాజిట్రాన్లను వెదజల్లగలవు. ఆ అదనం ఎవరిదన్న తగువు ఇంకా తెగలేదు.

నాకు అంతకంటే ఇష్టమైనది ఇంకొకటుంది. మన గెలాక్సీ మధ్య భాగం నుంచి గామా కిరణాలు వస్తున్నాయి, వాటి శక్తి 511. నా బల్ల మీద గుండీ అంత సోర్స్‌లోంచి వచ్చిన అదే అంకె. 1970లలో బెలూన్లకు కట్టిన డిటెక్టర్లకు మొదట తెలిసింది. 2002లో ఎగిరిన ఇంటెగ్రల్ ఉపగ్రహం దాని పటం గీసింది. అక్కడ సెకనుకు దాదాపు ఒకటి పక్కన నలభై మూడు సున్నాలు పెట్టినన్ని పాజిట్రాన్లు అంతమవుతున్నాయని లెక్క. ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? కొన్ని పేలిన నక్షత్రాల రేడియోధార్మిక బూడిద నుంచి వస్తాయి, అందులో అనుమానం లేదు. మిగతాదానికి తేలికపాటి డార్క్ మ్యాటర్ కణాలు కారణమని కొందరు అంటారు. అది నిజమో కాదో నీ తరం తేల్చాలి. కానీ కర్నూలులో ఒక చిన్న గదిలో పిల్లలు చూసిన గీతే ఇరవై ఆరు వేల కాంతి సంవత్సరాల దూరం నుంచి వస్తోందని మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

రెండో ప్రశ్న ఇంకా సూక్ష్మమైనది. డార్క్ మ్యాటర్, మామూలు పదార్థం మధ్య ఏ బలం పనిచేస్తుందన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. ఆ బలం హిగ్స్ (కణాలకు బరువునిచ్చే క్షేత్రానికి చెందిన కణం) లాంటి కణం ద్వారా అయితే, దానికి ప్రోటాన్ అయినా యాంటీప్రోటాన్ అయినా ఒకటే. గుర్తు చూడదు. చార్జీని చూసి పనిచేసే రకం బలం అయితే, ప్రోటాన్‌ను లాగేది యాంటీప్రోటాన్‌ను తోస్తుంది. ఈ తేడాను క్లాసులో ఇలా చెప్పేవాణ్ణి: బరువు తూచే తక్కెడ ఎవరి సరుకైనా ఒకే తీరుగా తూస్తుంది, అయస్కాంతం మాత్రం ముందు కొన చూసి తర్వాత లాగాలా తోయాలా తేల్చుకుంటుంది. డార్క్ మ్యాటర్ తక్కెడ రకమా, అయస్కాంతం రకమా అన్నదే ప్రశ్న.

దీన్ని ఊరికే వాదించుకోలేదు, కొలిచారు. సెర్న్‌లో బేస్ అనే బృందం ఉంది. ఒక్కొక్క యాంటీప్రోటాన్‌ను విద్యుత్, అయస్కాంత క్షేత్రాల బోనులో నెలల తరబడి పట్టి ఉంచగలరు. యాంటీప్రోటాన్ తన చుట్టూ తాను తిరుగుతూ, బొంగరం తల ఊపినట్టు, అయస్కాంత క్షేత్రంలో ఊగుతుంది. డార్క్ మ్యాటర్ యాక్సియాన్ల లాంటి, ఇంకా ఊహలోనే ఉన్న చాలా తేలికైన కణాలతో చేసిందైతే, అది చెదురుమదురు గోలీల్లా కాకుండా అంతటా పరుచుకున్న అలలా ఉంటుంది. ఆ అల యాంటీప్రోటాన్‌ను తాకితే ఈ ఊగుడు వేగం ఒక లయలో కాస్త పెరుగుతూ తగ్గుతూ ఉండాలి. 2019లో వాళ్లు ఫలితం ప్రచురించారు. అలాంటి లయ కనబడలేదు. యాంటీమ్యాటర్‌తో డార్క్ మ్యాటర్ సంబంధాన్ని నేరుగా వెతికిన మొదటి ప్రయోగం అది. నీ ప్రశ్నకు ప్రపంచంలో అతి దగ్గరగా వచ్చిన ప్రయోగం ఇదే, అందుకే దాని పేరు గుర్తుపెట్టుకో.

గురుత్వాకర్షణ వైపు నుంచి కూడా ఒక జవాబు వచ్చింది. యాంటీమ్యాటర్ పైకి పడుతుందేమో అన్న మాట ఎన్నో ఏళ్లుగా ఉంది. 2023లో ఆల్ఫా బృందం నిలువు గొట్టంలో యాంటీహైడ్రోజన్‌ను నెమ్మదిగా వదిలి చూసింది. మామూలు హైడ్రోజన్‌లాగే కిందికే పడింది. కాబట్టి డార్క్ మ్యాటర్ గురుత్వాకర్షణ కూడా యాంటీమ్యాటర్‌ను మామూలుగానే లాగుతుందని అనుకోవడానికి గట్టి కారణం ఉంది. పేలుడూ ఉండదు, పరుగూ ఉండదు. పాజిట్రాన్ పక్కనుంచి కూడా డార్క్ మ్యాటర్ నీ గోరు గుండా పోయినట్టే పోతుంది.

ఒక్క సంగతి మాత్రం ఈ రెండింటినీ లోతుగా కలుపుతుందేమో. విశ్వం మొదట్లో పదార్థం, ప్రతిపదార్థం దాదాపు సమానంగా ఉండేవి. వంద కోట్ల ప్రతికణాలకు వంద కోట్ల ఒక్క కణం అన్నంత చిన్న తేడా. అన్నీ జోడీలుగా అంతమైపోగా ఆ మిగిలిన ఒక్కటే మనం, మన తుంగభద్ర, ఈ నక్షత్రాలు. డార్క్ మ్యాటర్‌కు కూడా అలాంటి కథే జరిగి ఉంటే? దానికీ జోడీ ఉండి, అది అంతమై, చిన్న మిగులు మాత్రమే నిలిచి ఉంటే? రెండు మిగుళ్లూ ఒకే కారణం వల్ల వచ్చి ఉంటే వాటి సంఖ్య దాదాపు సమానం కావాలి. బరువులో డార్క్ మ్యాటర్ అయిదు రెట్లు కాబట్టి, ఒక్కో కణం అయిదు ప్రోటాన్ల బరువు ఉండాలి. ఆ అయిదు రెట్లు అన్న అంకె వందో, లక్షో కాకుండా మన పక్కనే ఎందుకుందో ఇది చెబుతుంది. అందుకే ఈ ఆలోచన నాకు అన్నింటికంటే నచ్చుతుంది. దీనికో కష్టం కూడా ఉంది. డార్క్ కణాలకు జోడీలు మిగల్లేదు కాబట్టి ఇప్పుడు అవి అంతమవ్వవు. ఏఎంఎస్‌కు, గామా టెలిస్కోపులకు ఏమీ దొరకదు. తాకిడి ఒక్కటే దారి, అది కూడా తేలికైన కణం కాబట్టి కేంద్రకాన్ని చాలా నెమ్మదిగా తడుతుంది.

మన దేశంలో ఎక్కడ అవకాశం అని కూడా నువ్వు మనసులో అనుకుంటూ ఉంటావు. జార్ఖండ్‌లోని జాదూగూడ యురేనియం గనిలో, 555 మీటర్ల లోతున, 2017లో ఒక చిన్న ప్రయోగశాల మొదలైంది. కోల్‌కతాలోని సాహా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అక్కడ అతిగా వేడెక్కించిన ద్రవంతో డార్క్ మ్యాటర్ కోసం వెతుకుతున్నారు. ఏదైనా కేంద్రకం కదిలితే ద్రవంలో బుడగ లేస్తుంది. తేలికపాటి కణాలకు అది బాగా సరిపోతుంది. ఆ గనిని నడిపే సంస్థే మన కడప వైపు తుమ్మలపల్లె గనినీ నడుపుతోంది. అంతకు ముందు కోలార్ బంగారు గనుల్లో రెండు కిలోమీటర్లకు పైగా లోతున 1965లో వాతావరణ న్యూట్రినోలను, అంటే కాస్మిక్ కిరణాలు గాలిని గుద్దినప్పుడు పుట్టి దాదాపు దేన్నీ తాకకుండా పోయే కణాలను, పట్టుకున్నారు. ప్రపంచంలో మొదటిసారి పట్టుకున్న చోట్లలో అదొకటి. ఒక విద్యార్థి నన్ను బెలుం గుహల్లో డిటెక్టర్ పెట్టవచ్చా అని అడిగాడు. మంచి ప్రశ్నే. సున్నపురాయి కాబట్టి గోడలు నిశ్శబ్దంగా ఉంటాయి. కానీ లోతు చాలదు, మ్యూయాన్లు అక్కడిదాకా సులువుగా వస్తాయి. పైగా గుహ గాలిలో రేడాన్ పేరుకుంటుంది.

మీ డిపార్ట్‌మెంట్‌లో సోడియం అయోడైడ్ డిటెక్టర్ ఉంటే ఒక పని చెయ్యి. ముందు సోడియం-22తో 511, 1275 గీతలు చూసుకుని ఛానళ్లను సరిచూసుకో. తర్వాత సోర్స్‌ను గది బయట భద్రంగా పెట్టించి, సాయంత్రం నుంచి పొద్దున దాకా డిటెక్టర్‌ను ఖాళీగా వదిలెయ్. 1461 దగ్గర గుట్ట కనబడితే అది ఎంత ఎత్తుందో రాసుకో. మర్నాడు డిటెక్టర్ చుట్టూ రెండు వరుసల సీసపు ఇటుకలు పేర్చి మళ్లీ వదిలెయ్. రెండు రాత్రుల కౌంట్లూ, గది నేల గ్రానైటో నాపరాయో, నాకు రాసి పంపు. మిగతాది ఆ అంకెలు పక్కన పెట్టుకుని మాట్లాడుకుందాం.